మాపటికి ఇంట్ల ఎవరుంటరు?

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఏటా జూన్ దగ్గరపడేసరికి గూడెం గూడెంలో ఒకటే చర్చ. ఆరేడేళ్ల బిడ్డను ఇంట్లో ఉంచుకొని ఊరి బడికి పంపాలా, ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వేయాలా? పైకి ఇది ఏ బడి మేలన్న లెక్కలా వినిపిస్తుంది. లోపల ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. బిడ్డ ఎదగడానికి కావలసిన నిలకడను ఇల్లు ఇవ్వగలదా? ఇవ్వలేకపోతే ఆ లోటు పూడ్చవలసింది ఎవరు? గోండులు, కొలాములు, పర్ధాన్లు, తోటీలు, లంబాడాలు, ముస్లింలు పక్కపక్కనే బతికే మండలం ఇది. గోండీ, మరాఠీ, లంబాడీ, ఉర్దూ, తెలుగు ఒకే అంగట్లో వినిపిస్తాయి. పత్తి చేలు, అడవి, వానకు పొంగే వాగులు ఇక్కడి ఇళ్ల రోజును, రాత్రిని నిర్ణయిస్తాయి.

కింది సంవాదంలో మాట్లాడే ఇద్దరూ నేను కల్పించిన మనుషులు. ఒకరు ఆశ్రమ పాఠశాలల్లో చాలా కాలం పనిచేసి రిటైరైన ఉపాధ్యాయుడు. ఇంకొకరు గోండు గూడెంలో పుట్టి, అక్కడే అంగన్‌వాడీ నడుపుతున్న మహిళ. వాదనలు మాత్రం ఈ ప్రాంతపు పిల్లల గురించి మనసుపెట్టి ఆలోచించేవారందరికీ ఎదురయ్యేవే. ఇద్దరూ కోరేది పిల్లల మేలే. దారి దగ్గరే పేచీ.

సారు: టీచరమ్మా, పిలగాండ్లను హాస్టల్ల వెయ్యొద్దని గూడెంల తల్లులకు చెప్తున్నవట. విని బాధయింది. ఆశ్రమ బడుల చదివి పంతుళ్లు అయినోళ్లు, నర్సులు అయినోళ్లు నీ కండ్ల ముందల లేరా?

టీచరమ్మ: ఉన్నరు సారూ. నేను మొత్తానికే వెయ్యొద్దని అనలే. ఇంత చిన్నగున్నప్పుడు వెయ్యొద్దన్న. అయిదో తరగతి దాటేదాంక తల్లి కాడ ఉండనియ్యాలె. అటెనుక హాస్టల్ అయినా, గురుకులం అయినా పిల్ల ఇష్టం, ఇంటోళ్ల ఇష్టం.

సారు: తల్లి కాడ అంటున్నవు. ఆ తల్లి ఏడున్నది? దీపావళి దాటితే పత్తి ఏరుడు. తెల్లారకముందే ఒడి కట్టుకొని చేనుకు పోతది, మసక చీకటికి వస్తది. ఏరిన పత్తి అమ్ముడుపోయేదాంక ఇంట్లనే కుప్ప. ఒక్క అర్ర ఇల్లు, అందుల సగం పత్తే. పిల్లలు ఆ కుప్ప మీదనే పండుకుంటరు. తెల్లారి లేస్తే ఒళ్లంత దురద, దగ్గు. పొద్దున వండి పెట్టిన గట్క మధ్యాహ్నం ఎవరు పెడుతరు? ఎనిమిదేండ్ల అక్క. ఆమె బడి మానుకొని తమ్ముణ్ణి సంకనేసుకొని తిరుగుతది. ఎండకాలం వస్తే ఇప్పపువ్వు, ఆ ఎనుక తునికాకు. తల్లీ తండ్రీ ఇద్దరూ అడవిలనే. మా హాస్టల్ చూడు. గంటకు లేస్తరు, గంటకు తింటరు, గంటకు పండుకుంటరు. 2015 జనవరి నుంచి సన్నబియ్యం అన్నం పెడుతున్నరు. పప్పున్నది, గుడ్డున్నది. నిలకడ అంటే గది.

టీచరమ్మ: మీరన్నదాంట్ల అబద్ధం లేదు. పత్తి కుప్ప మీదికెళ్లి లేచిన పిల్లలను పొద్దున్నే అంగన్‌వాడీకి తోలుకొచ్చేదాన్ని నేనే. అయితే తిండికీ పడకకూ టైముంటే నిలకడ వచ్చేసిందని మీరంటున్నరు. ఒక పిలగాని సంగతి చెప్త. ఆరేండ్లోడు. జూన్ల హాస్టల్ల వేసిన్రు. దండారి పండుగకు ఇంటికొచ్చిండు. తల్లి అన్నం వండి, రా బిడ్డా తినమన్నది. వాడు పళ్లెం చేతవట్టుకొని గోడ పొంటి నిలవడ్డడు. ఇంట్ల వాడు, తల్లి, ఇద్దరే. అయినా ముందల ఎవరో ఉన్నట్టు, తన వంతు రానట్టు నిలవడ్డడు. తల్లి చెయ్యి పట్టి కూసోబెట్టేదాంక కూసోలే. నేను తూకం వేసిన సారూ, వాడు బరువు పెరిగిండు. మాట తగ్గింది. బరువు రాసుకునేటందుకు నా రిజిస్టర్ల గడి ఉన్నది. మాట తగ్గితే రాసుకునేటందుకు లేదు.

సారు: కొత్తల అందరూ గట్లనే ఉంటరమ్మా. నేను వందల మందిని చూసిన. మొదటి నెల ఏడుస్తరు, పక్క తడుపుతరు, పారిపోయి ఊరి తొవ్వ పడుతరు. సంక్రాంతి వచ్చేసరికి అలవాటైతరు.

టీచరమ్మ: అలవాటు పడుడు వేరు, ఎదుగుడు వేరు. ఏడిస్తే ఎవరూ వస్తలేరని తెలిసినంక పిల్ల ఏడుపు ఆపుతది. చూసేటోళ్లకు అలవాటైనట్టే ఉంటది. మాకు ట్రైనింగుల రుమేనియా దేశం సంగతి చెప్పిన్రు. అక్కడ బుకారెస్టుల అనాథాశ్రమాలల్ల ఉన్న 136 మంది చిన్నపిల్లలను తీసుకొని 2000 సంవత్సరంల ఒక అధ్యయనం మొదలుపెట్టిన్రు. నెల్సన్, ఫాక్స్, జీనా అని ముగ్గురు పరిశోధకులు. సగం మందిని పెంపుడు తల్లిదండ్రుల ఇండ్లకు పంపిన్రు, సగం మంది ఆశ్రమంలనే. ఏండ్లకేండ్లు చూసుకుంట పోతే ఇండ్లకు పోయిన పిల్లలకే తెలివి, మాట, మనుషుల మీద నమ్మకం ఎక్కువ వచ్చినయి. అందుల గూడ రెండేండ్ల లోపు ఇల్లు దొరికినోళ్లు ఇంకా బాగుపడ్డరు. ఆశ్రమంల తిండి లేక కాదు, పక్క లేక కాదు. తమకంటూ ఒక మనిషి లేక.

సారు: ఆ పోలిక నేను ఒప్పుకోను. అక్కడోళ్లు ఉయ్యాలల ఉన్న పసికూనలు, కన్నోళ్లు వదిలేసినోళ్లు. మన పిల్లలకు తల్లి ఉన్నది, తండ్రి ఉన్నడు, సెలవులకు ఇల్లున్నది. హాస్టల్ల పక్క మంచం మీద మేనమామ కొడుకే ఉంటడు. ఆరేడేండ్లు వచ్చినోళ్లను పాలు తాగే పిల్లలతోని పోల్చొద్దు.

టీచరమ్మ: నిజమే. మన హాస్టళ్లు ఆ ఆశ్రమాల లెక్క కావు. నేను తీసుకునేది ఒక్క ముచ్చటే. పిల్ల పిలిస్తే పలికే మనిషి ఉండాలె, ఆ మనిషి రోజూ మారొద్దు. పలికినప్పుడల్ల పిల్ల మెదడు అల్లుకుంటది. మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా ఆరేండ్ల లోపలనే అయితదని 2020 జాతీయ విద్యా విధానంల రాసిన్రు. అందుకే ఆరేండ్లదాంక ఇల్లు, అంగన్‌వాడీ. ఆరు నిండంగనే ఆ అల్లిక ఆగిపోదు కద సారూ. ఒకటో తరగతి పిల్లకు జ్వరం వస్తే ఎవరిని పిలుస్తది? రాత్రి బుగులు వడి లేస్తే ఎవరి భాషల ఏడుస్తది?

సారు: భాష సంగతి నువ్వే ఎత్తినవు. ఇంట్ల ఉంటే గోండీ తప్ప వేరే మాట చెవుల పడదు. చిన్నప్పుడే హాస్టల్ల వేస్తే తెలుగు వస్తది, ఇంగ్లీషు వస్తది. ఊరి బడిల అయిదో తరగతిదాంక ఉండి వచ్చినోడు ఆరో తరగతిల నోరు తెరవడు. ఆ పిల్లలకు చెప్పినోణ్ణి, నాకు తెల్వదా?

టీచరమ్మ: మీరు మార్లవాయి తొవ్వల ఎన్నిసార్లు పోయిన్రో. అక్కడ హైమన్‌డార్ఫ్ దొర ఏం చేసిండో మీకు నేను చెప్పాల్నా? 1940ల నిజాం మీద కొట్లాడిన కుమురం భీం జోడేఘాట్‌ల పాణం ఇచ్చినంక నిజాం సర్కారుకు భయం పట్టుకున్నది. అప్పుడు సర్కారు పంపితే మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దొర, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ వచ్చి మన మార్లవాయిల గుడిసె వేసుకొని ఉన్నరు. 1943ల ఆడనే పంతుళ్ల ట్రైనింగ్ సెంటర్ పెట్టిన్రు. గోండు యువకులకు నేర్పి, వాళ్లనే గూడేలకు పంపి, గోండీల చదువు మొదలుపెట్టిన్రు. దేవనాగరి అక్షరాలతోని గోండీ వాచకాలు అచ్చేసిన్రు. బడి పిల్ల దగ్గరికి నడిచిపోయింది సారూ. పిల్లను బడి కోసం ఇల్లు విడిపించలే.

సారు: ఆ ట్రైనింగ్ సెంటర్ల చేరినోళ్లు ఊర్లు విడిచి వచ్చినోళ్లే కద?

టీచరమ్మ: మీసాలు వచ్చిన పిలగాండ్లు వాళ్లు. వాళ్లు వచ్చి నేర్చుకొని పోయింది గూడెంల పసిపిల్లలు ఇల్లు విడవకుండ ఉండాలనే. మీరు మార్లవాయి పేరు చెప్పి ఎప్పుడూ హాస్టల్‌ను మెచ్చుకుంటరు. నాకైతే ఆ మార్లవాయి ఊరి బడి పక్కన నిలవడ్డట్టే కనవడుతది.

సారు: ఊరి బడి అంటున్నవు, ఇప్పటి ఊరి బడి సంగతి చెప్పు. ఒక్క పంతులు, అయిదు తరగతులు. ఆయన మీటింగుకు పోతే తాళం. వాగు వస్తే తాళం. అసొంటి బడి కోసం పిల్లను ఇంట్ల పెట్టుకుంటే చదువూ పాయె, తిండీ పాయె. తల్లి ప్రేమ ఉన్నదని అక్షరం రాదు కద.

టీచరమ్మ: రాదు. ఈ ముచ్చట మీ దిక్కే ఉన్నది, నేను కాదన. అయితే తప్పు బడిది. బడి సక్కగ లేదని ఇల్లు విడిపిస్తే బడి ఎప్పటికీ సక్కగ కాదు. పిల్లలు లేరని చెప్పి రేపు ఆ ఒక్క పంతులును గూడ తీసేస్తరు. 2009 విద్యా హక్కు చట్టం కింద కిలోమీటరు లోపల ప్రాథమిక బడి ఉండాలని నిబంధన పెట్టుకున్నరు. చదువు వీలైనంత వరకు తల్లి భాషల ఉండాలని ఆ చట్టమే చెప్తున్నది. వీలున్న కాడల్ల కనీసం అయిదో తరగతిదాంక ఇంటి భాషల చెప్పాలని 2020 విధానం గూడ అన్నది. ఉమ్మడి రాష్ట్రంల ఉన్నప్పుడే గోండీ, కొలామీ అసొంటి ఎనిమిది భాషలల్ల పుస్తకాలు చేసి బడులల్ల చెప్పిన్రు. ఆ తొవ్వ ఉన్నది. నడిచేటోళ్లు తక్కువైన్రు.

సారు: సరే, బడి సంగతి అట్లుంచు. అసలు ముచ్చటకు వస్త. తాగుడు. మాపటికి ఇంట్ల ఎవరుంటరు? తాగొచ్చిన తండ్రి, తిట్టే తండ్రి, తల్లిని కొట్టే తండ్రి. ఆ ఇంట్ల పిల్ల మూలకు ముడుసుకొని కూసుంటది. నీ తల్లి భాషల తిట్టినా అది తిట్టే. మా వార్డెన్ రాత్రి తొమ్మిదింటికి లైట్ బంద్ చేస్తే, ఆ చీకట్ల పిల్లకు భయం ఉండది. ఆ నిద్ర నీ ఇల్లు ఇస్తదా?

టీచరమ్మ: ఆ ఇల్లు ఇయ్యది. రోజూ కొట్లాటలు జరిగే ఇంట్ల పిల్లను పట్టి ఉంచమని నేను ఏ తల్లికీ చెప్ప. భయంల పెరిగే పిల్ల చెవులు ఎప్పుడూ తలుపు దిక్కే ఉంటయి. పాఠం దిక్కు రావు. తండ్రి అడుగుల చప్పుడు విని ఇయ్యాల తాగిండో లేదో చెప్పే నాలుగేండ్ల పిల్లలు నా కాడికి వస్తరు. అసొంటప్పుడు నేను ముందు హాస్టల్ దిక్కు చూడ. అమ్మమ్మ ఎక్కడున్నది, పెద్దమ్మ ఇల్లు ఏ ఊరు అని అడుగుత. మా గూడెంల ఇల్లంటే ఒక్క కప్పు కాదు సారూ. చిన్నమ్మ గట్క పెడుతది, తాత ఎడ్ల ఎంబడి తోలుకపోతడు. అవ్వ నిద్రపుచ్చుతది. పిల్లకు తెలిసిన ముఖాలు అవి. పెద్దమనుషులు కూసొని తండ్రికి చెప్పేది చెప్తరు. ఇవన్నీ చేసినా ఆ ఇల్లు మారకపోతే, ఎత్తుకునే చుట్టం గూడ లేకపోతే, అప్పుడు హాస్టలే ఆ పిల్లకు ఇల్లు. ఆ పిల్లను నేనే తోలుకొచ్చి మీకు అప్పజెప్త.

సారు: ఇప్పుడు దారికొచ్చినవు. అసొంటి పిల్లలు కొద్దిమంది కాదు.

టీచరమ్మ: కొద్దిమంది కాకపోవచ్చు. అందరూ గూడ కాదు. తాగే తండ్రిని చూపెట్టి తాగని తండ్రి పిల్లను గూడ తీసుకపోతున్నరు. నా పేచీ గదే. ఇంకో సంగతి చెప్త. మన దగ్గర సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్నది. తల్లి, తండ్రి ఇద్దరిలో ఆ లక్షణం ఉంటే ప్రతి కాన్పుల నాలుగింట ఒక వంతు పిల్లకు జబ్బు వచ్చే అవకాశం ఉంటది. 2023 జూలైల కేంద్రం దీని కోసం దేశమంత మిషన్ పెట్టింది. పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నరు.

సారు: హాస్టళ్లల్ల గూడ పరీక్షలు చేస్తున్నరు కద. ఇంట్ల ఉంటే ఎవరు చేయిస్తరు?

టీచరమ్మ: పరీక్ష ఒక్కనాటి పని. జబ్బు రోజూ ఉండేది. ఆ పిల్లకు నీళ్లు ఎక్కువ తాపాలె, చలికి కప్పాలె, ఎండల ఎక్కువ తిరగనియ్యొద్దు, గోలీ మరువొద్దు. నొప్పి మొదలైతే పిల్ల ముందు ఏం చెప్పది. ఆట ఆపుతది, మోకాలు పట్టుకొని పక్కకు కూసుంటది. తల్లి అది చూసి గుర్తుపడుతది. హాస్టల్ల రాత్రిపూట అంతమంది నడుమ మూల్గే పిల్లను ఎవరు గుర్తుపడుతరు? గుర్తుపట్టినా ఆ పిల్ల ఏ భాషల చెప్తది? నిలకడంటే నాకు ఇది సారూ. పిల్ల చెప్పకముందే తెలుసుకునే మనిషి.

సారు: నువ్వు చెప్పే ఆ మనిషి చేను కాడ ఉన్నది, అది మరిచిపోతున్నవు. ఉన్న కాసేపన్నా ఇల్లు ఎట్లుంటే పిల్ల ఎదుగుతది? మంచిగ పెంచాలె అంటే సరిపోదు. ఒక్క అర్ర ఇంట్ల ఏం చెయ్యొచ్చో చెప్పు.

టీచరమ్మ: 2018ల ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి పిల్లల పెంపకానికి అయిదు మాటలు చెప్పినయి. ఆరోగ్యం, సరిపడ తిండి, పిల్లకు పలికే పెద్దలు, భయం లేని చోటు, చిన్ననాటి నుంచి నేర్చుకునే అవకాశం. పెద్ద ఇల్లు ఉండాలని అందుల లేదు. నేను గూడెంల ఎట్ల చెప్తనో వినుండ్రి. ఒకటి, నిద్ర. మూడు నాలుగేండ్ల పిల్లకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలె. ఒక్క అర్రల టీవీ పదకొండింటిదాంక మోగితే ఎట్ల పండుకుంటది? టీవీ బంద్ చెయ్యమంట. రెండు, మాపటి బువ్వ రోజూ ఒకే యాళ్లకు. గట్క అయినా, జొన్నరొట్టె అయినా, అందరూ కలిసి కూసొని. ఫోన్ చేతికిచ్చి తినపెట్టొద్దు. మూడు, పనికి పోయేటప్పుడు పిల్లకు చెప్పి పోవాలె. ఏడుస్తదని దొడ్డి తొవ్వన పోతే పిల్ల మళ్ల తల్లి కొంగు వదలది. ఎక్కడికి పోతున్న, పొద్దు ఏ చెట్టు కాడికి వచ్చినప్పుడు వస్త అని చెప్తే, ఏడ్చినా నమ్ముతది. చెప్పిన యాళ్లకు రావాలె. నాలుగు, కొట్టొద్దు. అయిదు, పని చేసుకుంటనే మాట్లాడాలె. కట్టెలు ఏరేకాడ, పప్పు చెరిగేకాడ ఇదేంది, అదేంది అని పిల్ల అడుగుతనే ఉంటది. విసుక్కోకుండ చెప్పాలె. దీనికి పైస ఖర్చు లేదు.

సారు: పైస ఖర్చు లేదు గని, నెత్తి మీద బరువున్నది. చూడు, అన్నీ తల్లి మీదనే పెట్టినవు. పొద్దంత పత్తి ఏరి, కట్టెలు మోసి, వంట చేసి, ఆ ఎనుక పిల్ల అడిగిన ప్రతి మాటకు ఓపికతోని జవాబు చెప్పాలె. చెప్పకపోతే ఆమెదే తప్పు. ఇది న్యాయమా? నా హాస్టల్ ఆ తల్లి బరువు దించుతది.

టీచరమ్మ: మీరు అడగవలసిన మాట అడిగిన్రు. తల్లి ఒక్కదాని మీద పెడితే ఇల్లు నిలవడది. తండ్రి ఏడున్నడు? పిల్లను ఎత్తుకునుడు, తినపెట్టుడు మగోని పని కాదని ఎవరు రాసిన్రు? గుస్సాడీ ఆట ఆడేటప్పుడు కొడుకును ఎంబడి తిప్పుకునే తండ్రి, మిగతా రోజులు గూడ తిప్పుకోవచ్చు. మార్లవాయి కనకరాజు సారుకు 2021ల గుస్సాడీకి పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరుల కాలం చేసిన్రు. ఆ ఆట హాస్టల్ గంటల నడుమ రాదు, పెద్దల ఎనుక తిరుగుకుంట నేర్చుకునేది. మన మగోళ్లకు పిల్లలకు నేర్పుడు చేతనైతది అనేటందుకు అదే సాక్ష్యం.

సారు: తండ్రి సరే. మరి సర్కారు?

టీచరమ్మ: నా అసలు కొట్లాట ఆడనే. హాస్టల్‌కు పెట్టే పైసలు, మనసు ఇంటికి గూడ పెట్టాలె. 2005 ఉపాధి హామీ చట్టంల, పనికొచ్చిన ఆడోళ్ల వెంట ఆరేండ్ల లోపు పిల్లలు అయిదుగురు ఉంటే ఒక ఆమెకు పిల్లలను చూసే పని ఇయ్యాలని రాసుకున్నరు. ఆమెకు గూడ కూలి. చేను పనికి గూడ అసొంటి ఏర్పాటు ఉంటే ఎనిమిదేండ్ల అక్క బడి మానదు. అంగన్‌వాడీల నేను తాళం వేసే యాళ్లకు తల్లి ఇంకా పత్తిల వంగి ఉంటది. పత్తి కాలం రెండు మూడు నెలలన్నా పొద్దుగూకేదాంక తెరిచి ఉంచమనుండ్రి, ఇంకో మనిషిని ఇయ్యమనుండ్రి. పత్తి పెట్టుకునే షెడ్డు గూడెంకొకటి కట్టిస్తే పిల్లలకు పండుకునే జాగ వస్తది.

సారు: తల్లులకు ఆరోగ్యలక్ష్మి, పసిపిల్లలకు బాలామృతం ఇస్తున్నరు కద.

టీచరమ్మ: ఇస్తున్నరు, మంచిగున్నది. ఆరోగ్యలక్ష్మి కింద 2015 నుంచి బాలింతకు, గర్భిణికి ఒక పూట బువ్వ, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. మా దగ్గరికి నడిచి వచ్చి తినే తల్లికి అది బలం. ఇంకొకటి భూమి. హైమన్‌డార్ఫ్ దొర బడి ఒక్కటే పెట్టిపోలే, పట్టాలు గూడ ఇప్పించిండు. ఏ యేడు ఎవరు ఎల్లగొడుతరో అన్న భయం ఉన్న ఇంట్ల పిల్లకు నిలకడ ఏడికెళ్లి వస్తది? 2006 అటవీ హక్కుల చట్టంల పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలని ఉన్నది. 2023 జూన్ 30న మన ఆసిఫాబాద్‌ల పోడు పట్టాలు పంచుడు మొదలువెట్టిన్రు. పట్టా ఉన్న ఇల్లు కూలికి దూరం పోదు. దూరం పోకపోతే మాపటికి ఇంట్ల మనిషి ఉంటది.

సారు: పట్టా ఉన్నా మనసులు నెమ్మదిగ ఉండాలె. 2024 సెప్టెంబరుల జైనూర్‌ల ఏమైంది? రెండు వర్గాల నడుమ గొడవై దుకాణాలు కాలినయి, కర్ఫ్యూ పెట్టిన్రు, ఇంటర్నెట్ బంద్ చేసిన్రు. ఆ రోజులు పిల్లలకు ఏ ఇల్లు నిలకడ ఇచ్చింది?

టీచరమ్మ: ఏ మతం పిల్లలైనా, ఏ కులం పిల్లలైనా ఆ రోజులు తలుపులేసుకొనే కూసున్నరు సారూ. పిల్లకు పేపర్ చదువ రాదు. తల్లి ముఖం చదువుతది. తల్లికి భయమైతే అది పిల్లకు ఎక్కుతది. అందుకే ఇంటి నిలకడ ఇంటి లోపలనే తయారు కాదంటున్న. అంగడి నెమ్మదిగ ఉండాలె, వాడకట్టు నెమ్మదిగ ఉండాలె. ఒకరి ఇంట్ల పెండ్లికి ఇంకొకరు పోయే రోజులు పెద్దలు మళ్ల తేవాలె. అది గూడ పిల్లల పెంపకమే.

సారు: నీ మాటలల్ల సగం నేను ఒప్పుకుంట. మిగతా సగం మీద నా భయం పోలే. నువ్వు చెప్పిన పంతులు, పిల్లలను చూసే చోటు, షెడ్డు వచ్చేదాంక ఒక పదేండ్లు పడుతది. ఆ పదేండ్లల్ల ఒక తరం పిల్లలు ఊకనే పెద్దగైపోతరు. ఇయ్యాల ఆకలి మీదున్న పిల్లకు రేపటి షెడ్డు అన్నం పెట్టది. అందుకే ఒకటిల కాకపోయినా మూడో తరగతిల హాస్టల్ల వెయ్యమంట.

టీచరమ్మ: నేను అయిదు దాటినంక అంట. ఆ మూడేండ్ల కాడ మనకు కలవది. అయితే మీరు ఒక పని చెయ్యిండ్రి. తప్పని పరిస్థితిల వచ్చిన చిన్నపిల్లల కోసం హాస్టల్ల గోండీ, కొలామీ వచ్చిన ఆయమ్మను పెట్టమని అడుగుండ్రి. ఇరవై మంది చిన్నపిల్లలకు ఒక ఆయమ్మ, ఏటా మార్చకుండ. వారానికి రెండుసార్లు తల్లితోని ఫోన్ల మాట్లాడిపియ్యాలె. చిన్నోళ్లు పక్క తడిపితే నలుగురి ముందల సిగ్గు తియ్యొద్దు. మీ మాట అక్కడ చెల్లుతది.

సారు: అడుగుత. నువ్వు గూడ ఒక పని చెయ్యి. హాస్టల్‌కు పోయే పిల్లకు ఏడ్వొద్దని చెప్పకు. ఏడుపు వస్తే ఎవరికి చెప్పాల్నో చెప్పి పంపు. పోయేముందు ఒకసారి తల్లిని, పిల్లను తోలుకొచ్చి హాస్టల్ చూపెట్టు. పండుకునే జాగ చూసి వచ్చిన పిల్ల తక్కువ ఏడుస్తది. అది నాకు అనుభవం.

టీచరమ్మ: ఈ యేడు నుంచి అట్లనే చేస్త సారూ.

ఈ ఇద్దరి మధ్య మిగిలిన తేడా మూడేళ్లదే. కలిసిన చోటు మాత్రం చాలా పెద్దది. ఇంటికైనా హాస్టల్‌కైనా కొలత ఒకటేనని ఇద్దరూ తమ తమ దారుల్లో ఒప్పుకున్నారు. పిల్ల పిలిస్తే పలికే మనిషి, రోజూ మారని మనిషి, పిల్ల భాష తెలిసిన మనిషి అక్కడ ఉన్నారా లేరా అన్నదే ఆ కొలత.

నా మొగ్గు టీచరమ్మ వైపు. ప్రాథమిక తరగతులు పూర్తయ్యేవరకు పిల్ల ఇంట్లోనే ఉండాలి. ఇల్లు బలహీనంగా ఉంటే పిల్లను తీయడం ఆఖరి పని, ఇంటిని నిలబెట్టడం మొదటి పని. సారు చెప్పిన ఆకలి, తాగుడు, మూతపడ్డ బడి నిజాలు. వాటికి జవాబు చెప్పకుండా ఇల్లే మేలని అనే హక్కు ఎవరికీ లేదు. అందుకే ఉట్నూరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులకు, మండలంలోని సర్పంచులకు, గూడెం పటేళ్లకు ఇదే విన్నపం. వచ్చే పత్తి కాలం మొదలవకముందే ప్రతి గూడెంలో పొద్దుగూకేదాకా పిల్లలను చూసుకునే చోటు ఒకటి, పత్తి నిల్వకు షెడ్డు ఒకటి ఏర్పాటు చేయండి. ఊరి బడికి గోండీ వచ్చిన పంతులును ఇవ్వండి. తండ్రులకు ఒక మాట. మాపటికి ఇంట్లో ఉండండి, తాగకుండా ఉండండి, పిల్ల పక్కన కూర్చొని తినండి. ఇల్లు నిలబడేది మొదట మీ వల్లనే.